అత్తయ్య ఇచ్చిన అన్‌లాక్ కోడ్

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. ఐర్లండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో రెండేళ్లు నర్సుగా పనిచేశాను. చనిపోయినవాళ్ల పక్కన ఒక్కదాన్నే కూర్చున్నాను. వాళ్ల మంచాల మీద దుప్పట్లు నేనే మార్చాను. ఏనాడూ నాకు ఏమీ కనపడలేదు, వినపడలేదు. కాబట్టి భయపడిపోయి ఈ సంగతి చెబుతున్నానని అనుకోవద్దు. అసలు మా ఇంట్లో అంత సంతోషపడిన రోజు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

నేను అక్కడి ఉద్యోగం వదిలి నరసరావుపేట వచ్చేసింది మా అత్తయ్య కోసం. ఆమె పేరు రాజ్యలక్ష్మి. పక్షవాతం వచ్చి కుడిచేతిలో బలం తగ్గింది, మాట పూర్తిగా పోయింది. మావారు శ్రీనివాస్‌కు విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. వారానికోసారి వస్తారు. మిగతా రోజులు ఇంట్లో అత్తయ్యా, నేనూ.

ఆమె నోటి నుంచి వచ్చే శబ్దం ఒక్కటే, ‘తా’. మంచినీళ్లు కావాలన్నా తా, టీవీ ఆపమన్నా తా. మాట తెప్పించడానికి నాకు తెలిసిన సాధనలన్నీ చేయించాను. దాదాపు ఏడాది అయింది. డాక్టరు గారు కూడా ఇక దీనికి అలవాటు పడమన్నట్టే మాట్లాడారు.

వచ్చేటప్పుడు నా ఫోను తెచ్చుకున్నాను. అక్కడి ఒక కంపెనీ దగ్గర రెండేళ్ల కాంట్రాక్టు మీద తీసుకున్నది. కాంట్రాక్టు ముగిసేదాకా దానిలో వాళ్ల సిమ్ తప్ప ఇంకొకటి పనిచేయదు. ముగిశాక మనం అడిగితే లాక్ తీసే కోడ్ పంపాలి. నేను ఆఖరి నెల దాకా కట్టాను. ఇక్కడ ఇళ్లకు వెళ్లి రోగులను చూసే పని మొదలుపెడదామనుకుంటున్నాను, దానికి ఆ ఫోను కావాలి. అన్నిటికీ మించి, అది నా కష్టంతో కొనుక్కున్న వస్తువు. మన సిమ్ వేస్తే మాత్రం ‘కోడ్ కొట్టండి’ అని పరాయిదాన్ని అడిగినట్టు అడుగుతుంది.

కంపెనీవాళ్లు ఎనిమిది అంకెల కోడ్ మెయిల్ చేశారు. కొట్టాను, తప్పు అని వచ్చింది. మళ్లీ జాగ్రత్తగా కొట్టాను, అదే జవాబు. ఫిర్యాదు చేస్తే తిరిగి అదే కోడ్ పంపారు. మూడోసారీ తప్పే. స్టేషన్ రోడ్డులో సెల్ రిపేర్ చేసే ఖాదర్ దగ్గరకు తీసుకెళ్తే, ఆయన తన కళ్లతో మెయిల్ చూసి నాలుగోసారి కొట్టాడు. స్క్రీన్ మీద ఇంకొక్క అవకాశమే మిగిలిందని చూపించింది.

“ఇంక దీన్ని కదిలించబాకక్కా. ఈసారి తప్పయిందంటే ఏ కోడూ తీసుకోదు. పాటలు వినడానికి తప్ప దేనికీ పనికిరాదు” అన్నాడు.

ఇంటికి వచ్చి కంపెనీకి ఇంకో మెయిల్ పెట్టాను. రోజులు గడిచినా జవాబు రాలేదు.

ఆ రోజు మంగళవారం. ఉదయం పదకొండు గంటలవుతోంది. అత్తయ్య ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. మన సిమ్ వేసి ఉన్న ఫోను టీపాయ్ మీద ఉంది. టీవీ వేసి లేదు, వీధి తలుపు గడియ పెట్టే ఉంది. ఇవన్నీ తర్వాత ఒకటికి పదిసార్లు గుర్తు చేసుకున్నాను. నేను వంటగదిలో రాగిజావ కలుపుతుంటే ముందుగదిలో ఎవరో ఆడమనిషి మాట్లాడుతున్నట్టు వినిపించింది.

“లైన్లో ఉన్నారా? నంబర్ రాసుకోండి.”

గరిటె పొయ్యి పక్కన పెట్టి వచ్చాను. మాట్లాడుతున్నది అత్తయ్య.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అత్తయ్య టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయింది. ట్రంకు కాల్స్ రోజుల్లో మాచర్ల ఎక్స్ఛేంజీలో మొదలుపెట్టి, నరసరావుపేటలో ముగించింది. ఆ ఉద్యోగపు గొంతును నేనెప్పుడూ వినలేదు. ఆ రోజే విన్నాను. తొందర లేదు, తడబాటు లేదు. ఎడమ చేతిని చెవి మీద ఆనించి, ఎదురుగా ఉన్న గోడవైపు చూస్తూ చెబుతోంది.

“ఫోర్, వన్, డబుల్ సెవెన్, జీరో, టూ, నైన్, సిక్స్.”

గోడ మీది క్యాలెండర్ పక్కన వేలాడే పెన్సిలు అందుకుని, ఆ అంకెలు క్యాలెండర్ మీదే రాశాను. ఆమె రెండోసారి చెప్పింది. ఒక్క అంకె తేడా లేదు. ఎనిమిది అంకెలు.

కంపెనీ పంపిన కోడ్‌తో పోల్చాను. ఏ ఒక్క చోటా కలవలేదు.

ఆగాలి. కంపెనీ జవాబు కోసం ఎదురుచూడాలి. తెలివైనవాళ్లు చేసే పని అదే. కానీ ఏడాదిగా ఒక్క మాట లేని మనిషి నాకు ఒక నంబర్ చెప్పింది. దాన్ని పక్కన పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. అత్తయ్య నావైపు తిరిగింది.

“ఏందే చూస్తా నిలబడ్డావు. కలుపు.”

ఒక్కో అంకె కొట్టాను. ఆఖరి అంకె ఆరు కూడా కొట్టి, కళ్లు మూసుకుని ఓకే నొక్కాను. కళ్లు తెరిచేసరికి స్క్రీన్ మీద కోడ్ అడిగే పెట్టె పోయింది. పైన మూలన సిగ్నల్ గీతలు ఒకటి, రెండు, నాలుగు లేచాయి. కొన్నాక మొదటిసారి ఆ ఫోను పూర్తిగా నాదయింది. నేను గట్టిగా అరిచినట్టున్నాను, పక్కింటి నాగమణి పిన్ని తలుపు కొట్టింది. ముందు మావారికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి అత్తయ్య ముందు పట్టుకున్నాను.

“ఒరేయ్ శీనూ, నేనురా” అంది.



“అమ్మా, ఇంకోసారి మాట్లాడు” అన్నారాయన. ఆ తర్వాత ఆయన ఏడుపు వినిపించింది. వెంటనే బస్సెక్కి సాయంత్రానికి ఇంట్లో ఉన్నారు.

నాలుగు రోజుల తర్వాత, శనివారం, కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇంతకుముందు పంపినది పొరపాటున వేరే ఫోనుకు సంబంధించిన కోడ్ అనీ, మన్నించమనీ, సరైనది ఇదనీ రాశారు. నాలుగు, ఒకటి, ఏడు, ఏడు, సున్నా, రెండు, తొమ్మిది, ఆరు.

క్యాలెండర్ కాగితం చింపి, ఖాదర్ దగ్గరకు తీసుకెళ్లాను.

“మెయిల్ చూసే కొట్టుంటావక్కా” అన్నాడు.

మెయిల్ వచ్చిన తేదీ చూపించాను. లాక్ పోయిందని చెప్పడానికి మంగళవారమే ఆ ఫోను నుంచి నేను ఖాదర్‌కు చేసిన కాల్ ఆయన ఫోన్లోనే ఉంది. రెండూ చూసుకుని నాకు టీ తెప్పించాడు.

మాట తిరిగి రావడానికి డాక్టరు గారు కారణం చెప్పారు. ఏళ్ల తరబడి అలవాటైన మాటలు ఒక్కోసారి ముందుగా బయటికి వస్తాయట. అది నేనూ ఒప్పుకుంటాను, నా ఉద్యోగంలోనే చూశాను. కానీ అంకెల సంగతి అడిగితే ఆయన నవ్వి, తర్వాతి పేషెంటును పిలిచారు. మంగళవారం నాటికి ఆ కోడ్ మా ఇంట్లో ఎక్కడా లేదు. నేను చూడలేదు, వినలేదు.

మాట బాగా నిలదొక్కుకున్నాక ఒకరోజు అత్తయ్యనే అడిగాను.

“ఆ నంబర్ మీకెవరు చెప్పారత్తయ్యా?”

“నాకెవురు చెబుతారే. అడిగారు, ఇచ్చాను.”

“ఎవరు అడిగారు?”

“ఎవురో ఆడమనిషి. చానా దూరం నుంచి. గొంతు కాస్త నీ గొంతులాగే ఉంది.”

“ఎవరని అడగలేదా?”

“ఆపరేటరు అడగకూడదే అట్టా. అడిగినవాళ్లకి నంబర్ ఇయ్యడమే.”

ఆ అంకెలు ఆమెకు ఎలా తెలిశాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రం ఆమెకు అసలే లేదు. ఇది రాస్తుండగా చేతికర్ర తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్లింది. నిన్నటి వంకాయల్లో సగం పుచ్చులేనని కూరగాయలావిడను నిలదీస్తోంది. ఆ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది.