ఓఝా గురు సంస్కృత తగువులు

గిరిజాదత్ ఓఝాకు ఒకే ఒక్క జబ్బు: తగువు పెట్టుకుంటే సంస్కృతంలోనే పెట్టుకుంటాడు. తక్కిన సంసారమంతా మా కాశీ వాళ్లందరిలాగే భోజ్‌పురిలో కానిస్తాడు. కోపం వచ్చిందా, దేవభాష దిగి రావలసిందే. ఆ కోపమేమో ఆయనకు పళ్లు తోముకోకముందే వస్తుంది!

మొదటి విడత కూరలమ్మే రబియా మీద. "ఇది వంకాయా, పురుగుల ధర్మసత్రమా?" అని సంస్కృతంలో గర్జిస్తాడు.

మొదట్లో రబియా బిత్తరపోయేది. తిట్టు అర్థం కాకపోతే తిరిగి తిట్టేదెలా? మా సందులో అంతకుమించిన అవమానం లేదు. అందుకని ఆయన్నే పట్టుకునేది. "గురూ, ఇందాక నన్నేమన్నావో విప్పి చెప్పు. దానికి జవాబు కూడా నువ్వే నేర్పు!"

ఆయన ఓపిగ్గా నేర్పేవాడు. మర్నాడు ఆమె సంస్కృతంలోనే ఆయన మొహాన కొట్టేది: "నీకంటే పురుగులే నయం, నోరు చేసుకోవు!" ఓఝా మొహం వెలిగిపోయేది.

పడవ నడిపే నిషాదుల పిల్ల ఫూల్మతితో అయితే తగువు ఈ గట్టున మొదలై ఆ గట్టున తేలేది. పడవ ఊగుతోందని ఆయన, ఊగేది పడవ కాదు నీ పిలక అని ఆమె. ఏళ్ల తరబడి ఇదే భాగోతం, అంతా సంస్కృతంలోనే.

నేను ఆయన పక్కింటి మిశ్రాను, ఆయనలాగే బ్రాహ్మణ్ణి. నాతో మాత్రం ఒక్కనాడూ తగువాడలేదు. నేనంటే గౌరవమనుకుని మురిసిపోయేవాణ్ణి.

ఈ యేడు ఫూల్మతి సంస్కృత పాఠశాలలో చేరతానని వెళ్లింది. ప్రధానాచార్యులు గుమ్మంలోనే ఆపేశారు.

"పడవలవాళ్లకు ఈ చదువెందుకమ్మా? ఈ రోజుల్లో దీనివల్ల లాభమేముంది?"

"లాభం లేనిదాన్ని ఇన్ని తలుపులేసి దాచుకున్నారెందుకు? మా గురించి ఆ పుస్తకాల్లో ఏం రాశారో ఇన్నాళ్లూ మీరు చెబితే విన్నాం. ఇక నేనే చదువుకుంటా!"

తలుపు మూసుకుంది.

నాగపంచమి వచ్చింది. ఆ రోజు నాగకూపం దగ్గర శాస్త్రార్థం. పండితులు సంస్కృతంలో వాదించుకుంటారు, నోరు మూతపడినవాడు ఓడినట్టు. ఆ ప్రధానాచార్యులే ఇద్దర్ని ఓడించి తొడగొట్టినంత పని చేశారు. "ఎవరైనా రావచ్చు! నన్ను గెలిచినవారికి నా పాఠశాలలో ఆసనం వేస్తా!" ఏటా అనే మాటే. ఏటా ఎవరూ రారు.

జనంలోంచి ఫూల్మతి లేచింది. "ఎవరైనా అన్నారుగా?"

చదువు ఎవరి సొత్తు అన్నదే వాదం. అబ్బ, ఏం వాదం! ఆచార్యులకు శాస్త్రం వచ్చు గానీ తగువు రాదు. శ్లోకం చెప్పి, మెచ్చుకోలు కోసం ఆగేవారు. ఆ కాస్త సందులో ఈమె నడుం మీద చెయ్యేసి నాలుగు దులిపేది. రబియా బోర్లించిన గంప మీదెక్కి "వదలకే పిల్లా, తెడ్డు వెయ్యి!" అని సంస్కృతంలోనే అరుస్తోంది.

చివరికి ఫూల్మతి అంది: "ఇంతసేపూ మీరడిగినదానికల్లా మీ భాషలోనే జవాబిచ్చాను. ఈ భాష నాకు తగదని ఇప్పుడు ఏ భాషలో చెబుతారు?"

ఆచార్యులు నోరు తెరిచారు. మూశారు. మళ్లీ తెరవలేదు.

"హర హర మహాదేవ్!" జనం కేకలకు చెట్ల మీది కోతులు పరారు! మాటంటే మాటే గనక ఆచార్యులు అక్కడే, అందరి ముందూ ఆమెకు ఆసనం ఖాయం చేశారు.

తిరిగొస్తుంటే ఓఝాను అడిగేశాను. "గురూ, ఇన్నేళ్ల పొరుగువాణ్ణి. నాతో ఒక్కసారైనా తగువాడలేదేం?"

"నీకేమోయ్, ఆ బడి తలుపు నువ్వు పుట్టకముందు నుంచీ తెరిచే ఉంది. నీతో నాకేం తగువు?"

నాకు నోట మాట రాలేదు. అంటే, శాస్త్రార్థం లెక్కన నేనూ ఓడిపోయినట్టే.

ఇంతలో సందు మలుపులోంచి రబియా సంస్కృత గర్జన: "ఓఝా గురూ! పొద్దుటి వంకాయల సంగతి ఇంకా తేలలేదు!"

ఆయన పంచె ఎగ్గట్టి, ముహూర్తం మించిపోతున్న పెళ్లికొడుకులా పరుగందుకున్నాడు.