దీనమ్మ ఇచ్చిన మిస్డ్ కాల్స్

2018 జూన్‌లో నన్ను ఉప్పలగుప్తం వైపు మండలాలకు క్షయ చికిత్స సూపర్‌వైజరుగా వేశారు. హోదా వినడానికి పెద్దదే గానీ పని మాత్రం ఒకటే: రోగి ఆరు నెలలపాటు ఒక్కరోజు కూడా తప్పకుండా మందు మింగేలా చూడటం. మధ్యలో మానేసినవాళ్లని మేం ‘డిఫాల్టర్’ అంటాం. నా పరిధిలో ఒక్క డిఫాల్టరూ లేరని నాకు కాస్త గర్వం ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

మాకు అప్పట్లో మిస్డ్ కాల్ పద్ధతి కొత్త. మాత్రల అట్టకి ఒక కాగితం కవరుంటుంది. మాత్ర నొక్కి తీస్తే దాని వెనక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది. రోగి ఆ నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే మా కంప్యూటర్లో ఆ రోజు గడి పచ్చగా మారుతుంది.

దీనమ్మకి నలభై దాటాయి, భర్త కువైట్‌లో డ్రైవరు. మందు మొదలైన రెండు నెలలూ ఆమె గడులు వరిచేనులా పచ్చగా ఉన్నాయి. సమీక్ష సమావేశంలో ఆ రికార్డే చూపించి మెప్పు పొందాను. తీరా రెండో నెలాఖరు కఫం పరీక్షలో క్రిములు అలాగే ఉన్నాయి. బరువు పెరగాల్సింది పోయి రెండు కిలోలు తగ్గింది. మందుకి లొంగని రకమేమోనని కఫాన్ని పెద్ద పరీక్షకి పంపించి, నేను వాళ్లింటికి వెళ్లాను.

గట్టిగా అడిగితే, బైబిలు పక్కనున్న బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి. మరి ఫోన్లు ఎందుకు చేసినట్టని అడిగాను.

“మీరు ఎండనపడి ఇంత దూరం వచ్చి చెప్పేరు కదండీ. నా మూలంగా మీరు మాట పడకూడదని చేసేనండీ.”

మర్యాద ప్రాణం మీదికి తేవడం అంతకుముందెప్పుడూ చూడలేదు. కోపం పట్టలేక నాలుగు మాటలన్నాను కూడా. ఆమె తలవంచుకుని, ఇది దేవుడు వేసిన శిక్ష అనీ, మందుతో తప్పించుకోకూడదనీ చెప్పింది.

వాళ్ల చర్చిలో నెలకో ఆదివారం బల్ల ఇస్తారు, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం. ఎవరితోనైనా పగ ఉంటే ముందు సమాధానపడి, తర్వాత తీసుకోవాలి. దీనమ్మకి పక్కింట్లో ఉండే తోడికోడలు రాహేలమ్మతో మాటల్లేవు. అత్తగారు పోయేముందు రాహేలమ్మని చూడాలని అడిగితే, దీనమ్మ ఆమెని గడప తొక్కనివ్వలేదు. ఆ పాపం మనసులో పెట్టుకునే బల్ల తీసుకుంది. ఆ వారమే దగ్గు మొదలైంది.

నేను గుడికి వెళ్లేదాన్ని. వాళ్ల మతంలో వాదించే చదువు నాకు లేదు. “శిక్ష సరే, క్షమించే దారేమీ పెట్టలేదా మీ దేవుడు?” అని మాత్రం అడిగాను.

“ఎందుకు పెట్టలేదండీ, ముందెళ్లి సమాధానపడమన్నాడు. అక్క క్షమించదని భయమండీ.”

రోగి ఒప్పుకోకుండా జబ్బు సంగతి పక్కింట్లో కూడా చెప్పకూడదు. రోజూ దగ్గరుండి మందు మింగించే మనిషినీ రోగి అంగీకారంతోనే పెట్టాలి. చికిత్స కార్డులో ఆ మనిషి పేరు రాసే గడి చూపించి, రాహేలమ్మ పేరు రాయనా అన్నాను.

“ఆయ్, రాయండి. కానీ రాదండీ.”

నేను పక్కింటికెళ్లి చెబితే, రాహేలమ్మ అంతా విని కొంగు బిగించి లేచింది. “నేనింకా క్షమించలేదండీ. ముందది మింగాలి, బతకాలి. తర్వాత దాని సంగతి చెప్తాను.”

మర్నాడు పొద్దున్నే వచ్చింది గానీ గడప దగ్గర ఆగిపోయింది. దీనమ్మ మంచం దిగి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. “లోపలికి రా అక్కా. తప్పు నాదే.” రాహేలమ్మ ఏడ్చింది, తిట్టింది, నీళ్ల గ్లాసు అందించింది. మాత్రలు గొంతు దిగడం నేను కళ్లారా చూశాను. నాకూ ఏడుపొచ్చింది.

కఫం పరీక్షలో అది మందుకి లొంగే రకమేనని తేలింది. అసలు మందు తగిలితే కదా మొండికేయడానికి! మొదటి రోజు నుంచి మళ్లీ లెక్కపెట్టాం. రాహేలమ్మ ఒక్క పొద్దూ తప్పలేదు. ఆరు నెలలకి దీనమ్మ బరువు తొమ్మిది కిలోలు పెరిగింది, ఆఖరి పరీక్షలో క్రిమి లేదు. కార్డు మీద ‘నయమైంది’ అని రాసి సంతకం పెడుతుంటే, ప్రమోషన్ కాగితం అందుకున్న రోజు కూడా అంత సంతోషం కలగలేదనిపించింది.

బల్ల ఇచ్చే ఆదివారం నన్నూ పిలిచారు. తోడికోడళ్లిద్దరూ పక్కపక్కనే నిలబడి రొట్టె తీసుకున్నారు. తర్వాత దీనమ్మ సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడానికి, లేచింది.

“దేవుడు నన్ను శిక్షించేడనుకున్నానండీ. ఆయన ఎప్పుడో క్షమించి మందు పంపేడు. నేనే డబ్బాలో పెట్టి మూత పెట్టేను.”

స్తోత్రం అంటూ చర్చి దద్దరిల్లింది. అందరితోపాటు నేనూ అన్నాను.

పచ్చగడిని బట్టి ఫోను మోగిందని తెలుస్తుంది, అంతే. ఆ తర్వాత, రిటైరయ్యేదాకా, కొత్త రోగికి కార్డు రాసేముందు ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారని అడిగేదాన్ని. ఆ జవాబుకి కార్డులో గడి లేదు. అంచున రాసుకునేదాన్ని.