ఆగండి బాబాయి, ఒకే ఒక్క ఇంజను

ఆ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ముందు వినపడే మాట "ఆగండి!" ఆ మాట మీద సర్వహక్కులూ చిచ్చుబుడ్డి వాళ్ళ బాబాయివి. చిచ్చుబుడ్డి ఆయన అన్నగారి కూతురు. ముక్కు మీద కోపం కాబట్టి ఆ పేరు బాబాయే పెట్టాడు. బదులుగా ఆ పిల్ల ఆయనకి 'ఆగండి బాబాయి' అని పెట్టింది. రెండు పేర్లూ అతికినట్టు సరిపోయి, అసలు పేర్లు మూలన పడ్డాయి.

అందరూ సినిమాకి బయల్దేరి హాలు గుమ్మం దాకా వెళ్ళాక, బాబాయి దారికి అడ్డంగా చేతులు చాపేవాడు.

"ఆగండి! టిక్కెట్లు ఈ ఆటవేనా?"

"ఈ ఆటవేరా బాబూ, ఇందాకే చూశావు," అనేవాడు నాన్న.

"ఇందాక కళ్ళజోడు తుడుచుకోలేదు అన్నయ్యా."

తుడుచుకుని, టిక్కెట్లు వెలుగులో పట్టుకుని, వెనకవైపు కూడా చదివి గానీ కదిలేవాడు కాదు. ఆ కుటుంబం ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చూసిన పాపాన పోలేదు. హీరో ఎవరి మీద పగబట్టాడో తెలిసేది గానీ, ఎందుకో ఎన్నడూ తెలిసేది కాదు.

ఈ నాన్చుడు అస్సలు గిట్టనిది తాతయ్యకి. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. "నా సర్వీసులో రైళ్ళు లేటయ్యాయేమో గానీ, నేను కాలేదు," అనేవాడు. మోకాళ్ళు అరిగి చేతికి కర్ర వచ్చాక కూడా ఆ పట్టు సడలలేదు. బండెక్కమంటే చిన్నతనం, చెయ్యి పట్టుకుంటే అవమానం. "మీరు పదండి, నేను వెనకే వస్తా. నా కోసం ఆగారో, ఊరుకోను!" అనేవాడు. తీరా ఆయన వచ్చేసరికి బాబాయి గుమ్మంలో ఏదో ఒకటి తుడుస్తూ కనిపించేవాడు. "చూశారా, సరిగ్గా టైముకొచ్చాను! వీడే ఇంకా తెమల్లేదు," అని తాతయ్య అందరి ముందూ కడిగేసేవాడు. "నాదే తప్పు నాన్నా," అని బాబాయి నవ్వేవాడు.

ఒక్కసారి మాత్రం కథ అడ్డం తిరిగింది. అందరూ కలిసి ఫోటో దిగుదామని స్టూడియోకి వెళ్తే, తాతయ్య లోపల అడుగు పెట్టగానే ఫోటోగ్రాఫర్ నోరు జారాడు. "రండి రండి, మీ కోసమే ఇంతసేపూ ఆగాం!" తాతయ్య మొహం పాలిపోయింది. గుమ్మంలోంచే వెనుదిరిగాడు. ఆ ఫోటోలో ఆయన లేడు. ఆ తరవాత చాలా రోజులు ఎవరు ఎక్కడికి పిలిచినా ఇల్లు కదల్లేదు.

చిచ్చుబుడ్డికి రాకెట్ కిట్ బహుమతిగా వచ్చింది ఆ రోజుల్లోనే. అట్ట గొట్టం, పలచటి చెక్క రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, మడత పెట్టిన పారాచూట్, ఒక్కసారి కాలితే అయిపోయే ఒకే ఒక్క ఇంజను. బాబాయికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. దాని వెనకగదిలో ఇద్దరూ కూర్చుని రాకెట్ కట్టారు. జిగురు వాసన, అద్దాలు అరగదీసిన పొడి, బల్లదీపం వెచ్చదనం. ఇప్పటికీ ఎక్కడైనా జిగురు సీసా మూత తీస్తే ఆమెకి ఆ గదే గుర్తొస్తుంది. అక్కడ బాబాయి చేతులు చకచకా నడిచేవి. రెక్క పెట్టాడంటే నిటారుగా నిలబడాల్సిందే. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా "ఆగండి" అనలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకుంది చిచ్చుబుడ్డి.

ఎగరేసే రోజు ఇంటిల్లిపాదీ ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళారు. బతిమాలగా బతిమాలగా తాతయ్య కూడా ఒప్పుకున్నాడు. "మీరు పదండి, వెనకే వస్తా," అన్నాడు.

నిలబెట్టిన కడ్డీకి రాకెట్ తొడిగారు. ఇంజనుకి తీగలు తగిలించారు. అందరూ దూరంగా జరిగాక, చిచ్చుబుడ్డి మీట మీద వేలు పెట్టింది.

"ఆగండి!" అన్నాడు బాబాయి. మీటపెట్టె తాళం ఆయన జేబులో ఉంది; అది పెడితే గానీ మీట పనిచెయ్యదు. "పారాచూట్ సరిగ్గా మడిచామా?"

విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఆగండి! రెక్క వంకరగా లేదూ?"

"నువ్వే అంటించావు బాబాయ్!"

"అందుకే అనుమానం."

"ఆగండి! పైన పక్షి."

పక్షి పోయింది, గాలి మొదలైంది. రిఫరీ ఈల మెళ్ళో వేసుకుని వచ్చాడు. "ఆటగాళ్ళు వచ్చేస్తున్నారండీ. కానిస్తారా, గ్రౌండ్ వదులుతారా?"

చిచ్చుబుడ్డికి ఏడుపొక్కటే తక్కువ. గాలి పెరిగితే ఎగరెయ్యకూడదు. నాన్నకి ఓపిక నశించి, తమ్ముడి జేబులోంచి తాళం లాక్కుని పెట్టెలో పెట్టాడు. "నొక్కవే అమ్మా!"

బాబాయి మొహం చూసింది చిచ్చుబుడ్డి. ఆయన రాకెట్ వైపు చూడట్లేదు, మైదానం చివరికేసి చూస్తున్నాడు. అక్కడ గోల్ స్తంభం పక్కన తాతయ్య, వీళ్ళకి వీపు పెట్టి, వల ముడులు శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. జన్మలో ఫుట్‌బాల్ చూడని మనిషికి వలతో పనేమిటి? మరుక్షణం ఆయన భుజాలు ఎగసిపడటం కనిపించింది. వల వంకతో ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

సినిమా హాలు గుమ్మం, తుడిచిన కళ్ళజోడు, పడ్డ తిట్లు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆమె కోపం ఎటు పోయిందో తెలీదు. మీట మీంచి వేలు తీసేసింది.

"ఆగండి!" అని అరిచింది.

అందరూ ఉలిక్కిపడ్డారు. అందరికన్నా ఎక్కువ బాబాయి.

"ఇప్పుడు నీకేమొచ్చిందే?" అన్నాడు నాన్న.

"రాకెట్‌కి పేరు పెట్టలేదు!"

అంతే, గొడవ మొదలైంది. అమ్మ 'నక్షత్రం' అంది. నాన్న 'ఏదో ఒకటి' అన్నాడు. "అదేనా పేరు?" అని బాబాయి అమాయకంగా అడిగేసరికి ఇంకాస్త సాగింది. చివరికి ఈల పక్కన పెట్టి రిఫరీ కూడా 'పిడుగు' అయితే బావుంటుందన్నాడు. "పిడుగు కిందికి పడుతుందండీ, ఇది పైకి వెళ్ళాలి," అని అమ్మ ఆయనతో వాదనకి దిగింది.

"ఇంకా ఎగరెయ్యలేదూ?" కర్ర ఊనుకుంటూ తాతయ్య వచ్చేశాడు. "నేను చూడు, సరిగ్గా టైముకొచ్చాను! ఎవడు ఆపింది? వీడేనా?"

బాబాయి అలవాటుగా నోరు తెరిచాడు.

"నేనే తాతయ్యా," అంది చిచ్చుబుడ్డి.

"నీకూ అంటుకుందా ఈ జబ్బు?" అని తాతయ్య పచ్చజెండా ఊపినట్టు కర్ర ఊపాడు. "ఊఁ, పోనీ!"

రాకెట్ బుస్సుమంది. తలలెత్తేలోగా పైన చుక్కైపోయింది. పారాచూట్ విచ్చుకున్నప్పుడు తాతయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కర్ర కింద పడినా చూసుకోలేదు.

తిరుగుదారిలో తాతయ్య ముందు నడుస్తున్నాడు. బాబాయి వంగి, "ఆగండి, చెప్పులో రాయి," అన్నాడు.

"నా చెప్పులో కూడా," అంది చిచ్చుబుడ్డి.

ఇద్దరూ వంగి లేని రాళ్ళు దులుపుతుంటే, ముందునుంచి కేక వినపడింది.

"త్వరగా నడవండర్రా! మీతో వస్తే ఎప్పుడూ ఇంతే!"