వంకలు పెట్టి కుట్టించుకున్న చొక్కా

ఇంట్లో పోయిన పరువు ఇంట్లోనే ఉంటుంది. బజార్లో పోయిన పరువును నాలుగు రోజులు మొహం చాటేసి తిరిగి రాబట్టుకోవచ్చు. నా పరువు కల్యాణ మండపంలో, బంధువులంతా టిఫిన్లు కానిచ్చి ఎవరిని చూసి నవ్వుదామా అని తీరిగ్గా కూర్చున్న వేళ, కనకాంబరం రంగులో పోయింది. అదెలాగో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు ఎవరూ ఆపుకోలేదు, ఇవాళ మీరొక్కరూ మొహమాటపడి ప్రయోజనం లేదు.

మాది తిరువూరు మెయిన్ బజార్లో బట్టల కొట్టు. ఉయ్యాల్లో కంటే చీరల బేళ్ళ మీదే ఎక్కువ నిద్రపోయానని అమ్మ చెబుతుంది. మాటల కంటే ముందు బేరాలు వచ్చాయని నాన్న చెబుతాడు. ఇందులో గర్వపడాల్సిందేమీ లేదు గానీ నేను చాలాకాలం పడ్డాను. కూరగాయల బండి దగ్గర నుంచి కళ్ళ డాక్టరు దాకా నేను బేరమాడని మనిషి లేడు.

మా బజార్లో బేరానికి ఒక పద్ధతి ఉంది. నచ్చిన వస్తువును నచ్చిందని అనకూడదు. చేతిలోకి తీసుకుని, చచ్చిన ఎలుకను చూసినట్టు చూసి, వంకలు పెట్టాలి. అవి ఉత్త వంకలని కొట్టాయనకు తెలుసు. ఆయనకు తెలుసని మనకూ తెలుసు. రెండు మూడు వంకలయ్యాక ఆయన నిట్టూర్చి కాస్త దిగుతాడు, మనం మొహం చిట్లించుకుంటూ కొంటాం, ఇద్దరం లోపల సంతోషిస్తాం. దీన్ని మోసం అనుకునేరు. మర్యాద! వంక పెట్టకుండా కొనేవాణ్ణి మా దగ్గర వెర్రివాడి కిందే లెక్కేస్తారు.

ఇంతటి ఘనుడికి ఫోను పుణ్యమా అని ఒక పిచ్చి పట్టింది. మగవాళ్ళ బట్టల్లో పెద్ద పెద్ద కంపెనీలంటే చులకన పుట్టుకొచ్చి, ఎవరికీ తెలియని చిన్న కంపెనీల కోసం వెతకడం మొదలెట్టాను. ఎవరికీ తెలియకపోవడమే వాటి ప్రధాన అర్హత. నా స్నేహితుడు ఏదైనా పేరు విన్నానన్నాడంటే ఆ కంపెనీ ఆ క్షణమే నా దృష్టిలో పతనమైపోయేది. ఒకళ్ళ పేరు పలకడం నా వల్ల కాలేదు కాబట్టి వాళ్ళు చాలా గొప్పవాళ్ళై ఉంటారనుకున్నాను. ఇంకొకళ్ళు తడిసిన పొలం రంగు ప్యాంటు అమ్ముతున్నారు. ఆ రంగు ప్యాంటు మా చుట్టుపక్కల నాట్లప్పుడు ప్రతివాడి ఒంటి మీదా ఉచితంగా తయారవుతుంది. మరొకళ్ళు మోకాళ్ళ దగ్గర చింపి అమ్ముతున్నారు, ఆ చిరుగుకు విడిగా రేటు కట్టి!

అయినా బట్టల కొట్టు పుట్టుక కదా, బొమ్మ చూసి పడిపోయే రకం కాదు నేను. చొక్కా తిరగేసి లోపలి కుట్టు ఫోటో పంపమని అడిగేవాణ్ణి. చాలామంది ఆ దెబ్బతో మాట్లాడటం మానేశారు. ఒక్క చోటు నుంచి మాత్రం వెంటనే వచ్చింది. చీరాలలో సుభద్రగారని ఒకావిడ, ఇంటి ముందుగదిలో మిషన్లు పెట్టి చేనేత గుడ్డతో చొక్కాలు కుట్టిస్తున్నారు. లోపలి కుట్టు పైకుట్టంత శుభ్రంగా ఉంది. ఒక్క దారప్పోగు వేలాడటం లేదు. బూడిద రంగు, చిన్న చిన్న గుండీలు, ఒద్దికైన కాలరు. చూడగానే ప్రాణం లేచి వచ్చింది.

వెంటనే నాన్న దగ్గరకు వెళ్ళాను. అప్పటికి కొట్లో నా రాజ్యం లుంగీలు, తువ్వాళ్ళ బల్ల వరకే. పై అంతస్తు ఖాళీగా ఉంది.

"నాన్నా, మేడ నాకివ్వు. చిన్న కంపెనీల మగవాళ్ళ బట్టలు పెడతాను."

"ఏ కంపెనీలు?"

"నువ్వు వినుండవు."

"నేను వినలేదు, నువ్వు ఫోన్లో తప్ప చూడలేదు. ఇక కొనేవాడెవడ్రా?" అని నాన్న కాసేపు ఆలోచించాడు. "సరే. మీ బాబాయి కూతురి నిశ్చితార్థానికి నువ్వు మెచ్చిన చొక్కా వేసుకుని రా. విజయవాడ నుంచి మీ పెద్దమావయ్య వస్తాడు. హోల్‌సేలు చేసి చేసి ఆయన వేళ్ళకి కళ్ళొచ్చాయి. ఆయన పట్టుకుని చూసి 'కొట్లో పెట్టు' అంటే మేడ నీది. అనలేదా, జీవితాంతం తువ్వాళ్ళు మడతపెట్టు."

ఇంతకంటే సులువైన పరీక్ష ఉంటుందా? సుభద్రగారికి ఫోను చేశాను.

"నమస్కారమండి. మేము ముందే కుట్టి ఉంచమండి. మీ కొలతలు, మీకేం కావాలో చెబితే దాన్నిబట్టి కుట్టిస్తామండి," అన్నారావిడ.

అమ్మేవాళ్ళు మొదట్లో ఏదో ఒకటి అంటారు, నేనెప్పుడు విన్నాను గనక? కొలతలు చెప్పేసి నా విద్య మొదలెట్టాను.

"చొక్కా చూశానండి. ఏదో ఉంది. చేతులే మరీ పొడుగ్గా ఉన్నాయి."

"అలాగేనండి."

ఒక్క వంకకే మెత్తబడిందని మురిసిపోయాను.

"కాలరు వదులు. మెడ దగ్గర నిలబడదు."

"అలాగేనండి."

"రంగు చూస్తే ఉతికి ఉతికి వెలిసినట్టుంది. పెళ్ళిళ్ళకి కాస్త కళగా ఉండొద్దూ? కనకాంబరాల్లా?"

"కనకాంబరం... అలాగేనండి." ఈసారి కాస్త ఆగి అన్నారు. ఇక దిగుతున్నారని నాకు ధైర్యం వచ్చింది.

"గుండీలు భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. జేబులో పెన్ను కూడా పట్టదు."

"తప్పకుండానండి. ఇంకేమైనా ఉన్నాయాండి?"

ఇంకేమైనా ఉన్నాయా అని వంకలు అడిగి మరీ పుచ్చుకున్న వ్యాపారిని నా జన్మలో చూడలేదు. "అవన్నీ చూసి రేటు సంగతి చెప్పండి," అన్నాను గంభీరంగా.

"రేటు అదేనండి. అంత పనున్నా మీ దగ్గర అదనంగా ఏమీ తీసుకోమండి."

తగ్గించకపోయినా పెంచలేదు కదా, అదీ విజయమే అనుకుని సరేనన్నాను. నాలాంటివాణ్ణి చూసి భయపడ్డారని కూడా అనుకున్నాను.

పార్సిలు సరిగ్గా నిశ్చితార్థం రోజు పొద్దున వచ్చింది. విప్పగానే గదిలో లైటు వేసినట్టయింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, చొక్కాను చూసి, తర్వాత నన్ను చూసింది.

"ఇది నువ్వు తెప్పించుకున్నావా నాయనా, గిట్టనివాళ్ళెవరైనా పంపించారా?"

కనకాంబరం అంటే కనకాంబరమే, ఆకు ఒక్కటే తక్కువ. చేతులు మోచెయ్యి దాటి, మణికట్టు దాకా వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తూ దారిలోనే ఆగిపోయాయి. గుండీలు మేరీ బిస్కెట్లంత. జేబు ఛాతీ మీద మొదలై బొడ్డు దగ్గర తేలింది. కాలరు గుండీ పెట్టుకున్నాక గుటక వెయ్యాలంటే ముందుగా ఏర్పాట్లు చేసుకోవాల్సి వచ్చింది. వేరే చొక్కా వేసుకుంటే పందెం ఓడినట్టే. తువ్వాళ్ళ గుట్ట కళ్ళ ముందు మెదిలింది. అదే వేసుకుని మండపానికి వెళ్ళాను.

గుమ్మంలోనే పెళ్ళికొడుకు తరపు పెద్దాయన ఒకరు ఆపారు.

"ఇప్పుడా రావడం? తక్కిన మేళం వాళ్ళేరి బాబూ? సన్నాయి ఆయన వచ్చాడా?"

నేను బ్యాండు కాదని చెబుదామంటే కాలరు మాట పెగలనివ్వలేదు. లోపల మా అత్తయ్య నా జేబు చూసి తెగ సంబరపడింది. "బతికించావురా! ఈ కళ్ళజోడు ఉంచు. ఫోను కూడా ఉంచు. ఇదిగో, ఈ తాంబూలం సంచీ కూడా." అన్నీ పట్టాయి. ఇంకా చోటుంది. మెడ తిరగదు కాబట్టి, ఎవరు పలకరించినా మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది, లారీ వెనక్కి తిప్పినట్టు.

చివరికి పెద్దమావయ్య ముందు నిలబడ్డాను. పక్కన నాన్న. మావయ్య నా చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. వెలుతురుకు పట్టాడు. తిరగేసి లోపలి కుట్టు చూశాడు. గుండీ లాగాడు. గుండీతో పాటు నేను కూడా వెళ్ళాను గానీ గుండీ ఊడలేదు.

"గుడ్డ దివ్యంగా ఉంది. కుట్టు ఇంకా దివ్యంగా ఉంది," అన్నాడు. "మరి చొక్కా ఏంటి అల్లుడూ, ఇట్టా తగలడింది?"

"వాళ్ళే... అట్టా... కుట్టారు," అన్నాను, ఊపిరి అందినప్పుడల్లా ఒక్కో మాట.

"ఇంత కుట్టు తెలిసినవాళ్ళు ఇట్టా ఎందుకు కుడతారు? ఫోను చెయ్యి," అన్నాడు నాన్న. నేను నంబరు కలపగానే ఫోను లాక్కుని స్పీకరు పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"చొక్కా సరిపోయిందాండి?" సుభద్రగారు ఆదుర్దాగా అడిగారు. "బాబుగారు చెప్పినవన్నీ చేయించామండి. చేతులు పొడుగన్నారు, కురచ చేశాం. కాలరు వదులన్నారు, బిగించాం. కనకాంబరం రంగు మా దగ్గర లేకపోతే ప్రత్యేకంగా అద్దకం వేయించామండి. మా టైలరు ఒకటే గొడవ, ఇంత మంచి గుడ్డని ఇట్టా పాడు చేస్తామా అమ్మా అని. బాబుగారి ఇష్టం, మనకెందుకు, కుట్టమన్నాను."

నాన్న నా వైపు చూశాడు. మా వంశంలో పుట్టినవాడికి ఇక వేరే వివరణ అక్కర్లేదు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "వాడు చెప్పింది ఆర్డరు కాదు. బేరం."

"బేరమా అండీ?" ఆవిడ నిర్ఘాంతపోయారు. "ఆ మాట చెప్పనే లేదండి!"

అంతే. మావయ్య నోట్లో వక్క ఎటు పోయిందో తెలియదు గానీ, ఇద్దరు వీపు మీద చరవాల్సి వచ్చింది. తేరుకుని కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "బావా, కస్టమరు ఇంత వెర్రివాడైనా అన్న మాట తు.చ. తప్పకుండా కుట్టింది చూడు. ఇట్టాంటి సరుకు దొరకదు. కొట్లో పెట్టు."

మేడ నాదైంది! ఎగిరి గంతేసేవాణ్ణే, కాలరు ఒప్పుకోలేదు.

నాన్న అప్పటికే ఫోను నోటి దగ్గరకు తెచ్చుకుని గొంతు సవరించుకుంటున్నాడు. ఆ సవరింపు నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను.

"మావాడి ఫోన్లో మీ అసలు బూడిద రంగు చొక్కా ఫోటో చూశానమ్మా. మా కొట్టుకు సరుకు కావాలి. అంతా బానే ఉంది గానీ, గుడ్డ కాస్త పల్చ—"

నేను కాలరు గుండీ విప్పేసుకుని, ముందుకు దూకి నాన్న నోరు మూసేశాను. "వద్దు నాన్నా! కంబళ్ళు వస్తాయి!"

"పల్చగా ఉందాండి?" సుభద్రగారి గొంతులో అదే వినయం. "దళసరి చేయించమంటారా?"

"వద్దండీ!" అని మండపం మొత్తం అరిచింది. పెళ్ళికొడుకు కూడా.

నా చెయ్యి తీశాక నాన్న పన్ను పీకించుకుంటున్నవాడి మొహం పెట్టి, "బాగుందమ్మా. ఉన్నది ఉన్నట్టే పంపండి. రేటు కూడా... బాగుంది," అన్నాడు. ఆయన నోట ఆ మాట వింటానని అమ్మ ఏనాడూ అనుకోలేదు. పాపం, కొంగుతో కళ్ళొత్తుకుంది.

మేడ మీద ఇప్పుడు ఆ చొక్కాలే అమ్ముతున్నాను. ఆర్డర్లు మాత్రం అమ్మ ఇస్తుంది. తండ్రీకొడుకులిద్దరం ఆ సమయంలో కొట్లో ఉండకూడదని షరతు.

ఇక మా కొట్టు మీటరు బద్ద మీద చెయ్యి వేసి, గాలి బాగా ఆడుతున్న కాలరుతో ప్రమాణం చేస్తున్నాను: మనసుకు నచ్చిన వస్తువుకు ఇక జన్మలో వంక పెట్టను. చెప్పిన రేటు చెప్పినట్టు చేతిలో పెట్టి, నవ్వుతూ ఇంటికి వస్తాను. ఈ ప్రమాణంలో అక్షరం కూడా మారదు. అవతలివాళ్ళు కాస్త తగ్గే ఉద్దేశంలో ఉంటే మాత్రం, కూర్చుని మాట్లాడుకుందాం.