అమ్మ చెప్పిన దుప్పట్లు

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. అందులో తొమ్మిది పేజీలు నింపాను. మొదటి రెండు పేజీలు నిజం. మూడో రోజు నుంచి నేను రాసుకున్నవన్నీ మా అమ్మ ఫోన్లో చెప్పిన అబద్ధాలు.

అమ్మకు అప్పటికి ఏడాదిగా చేతులు నొస్తున్నాయి. రెండు బొటనవేళ్ల మొదళ్లు వాచి, జొన్నరొట్టె కొట్టడం మానేసింది. బిందె ఎత్తితే సగం దారిలో దించి మళ్లీ ఎత్తేది. నల్లగొండలో దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ ఎక్సరే చూసి, "పిండుడు, పిసుకుడు బందు చెయ్యాలమ్మా. గోలీలతోని పోయేది కాదు ఇది. ఇట్లనే చేస్కుంట పోతే వేళ్లు వంకర పోతయి" అంది. అమ్మ తల ఊపింది. పిండడం అనగానే నాకు బట్టలే గుర్తొచ్చాయి. బస్సు నార్కట్‌పల్లి చేరేలోపే వాషింగ్ మిషన్ కొనాలని నిర్ణయించుకున్నాను.

నేను డిప్లొమా చదివాను. నల్లగొండలో నీళ్ల మోటార్లు తయారు చేసే చిన్న కంపెనీలో టెస్టింగ్ నా పని. మోటారు తిరుగుతోంది కదా అని సంతకం పెట్టను. ఎంత కరెంటు లాగుతోంది, ఎంత వేడెక్కుతోంది, ఎంత నీళ్లు తోడుతోంది చూస్తాను. మిషన్ విషయంలోనూ అంతే చేశాను. మా ఇంట్లో బోరు నీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు. నల్లా నీళ్లు పొద్దున గంటసేపు వస్తాయి, ధార సన్నం. కాబట్టి బకెట్‌తో పోసినా నడిచే మిషన్ కావాలి, పైన మూత ఉన్నది కావాలి. అమ్మ వంగకూడదు. తడి దుప్పటిని చేత్తో పిండే అవసరం లేకుండా ఆరబెట్టాలి. బటన్లు తక్కువ ఉండాలి. చౌకది కావాలి. ఆఖరున రాసుకున్నది, ఫోన్‌తో నడిచేది కావాలి. నేను నల్లగొండలో కూర్చొని ఏ బట్టలకు ఏ వాషో పెట్టగలగాలి, ఎన్నిసార్లు తిరిగిందో చూడగలగాలి. మొత్తం పదకొండు అంశాలయ్యాయి.

మా బాపు నేతపని చేస్తాడు. మగ్గం మీద నుంచే నన్ను చూసి నవ్వాడు.

"పిల్లను సూస్తున్నవా, మిషన్ను సూస్తున్నవారా? జాతకం గుడ అడుగరాదు."

"నువ్వు రుమాలు నేసేముందు లెక్క సూస్కోవా?" అన్నాను.

"నా లెక్క నెత్తిల ఉంటది. కాయితం మీద గాదు."

నార్కట్‌పల్లి దుకాణంలో మూడు మిషన్లు చూసి, చౌకవాటిలో నా పదకొండింటికీ సరిపోయే ఒకదాన్ని ఎంచాను. పది రోజుల్లో మిషన్‌లో తప్పు దొరికితే వాపసు తీసుకుంటానని దుకాణం సేటు రాసిచ్చాడు. వెనక పంచలో, బట్టలుతికే జాలారి పక్కన, మగ్గాల అర్ర గోడకు ఆనించి పెట్టాం. ఆ గోడ దగ్గరే బాపు నూలు కుండలు ఉంటాయి. బాపు నేసేవి తేలియా రుమాళ్లు. రంగు వేసే ముందు నూలును ఆముదంలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి మగ్గబెట్టాలి. అందుకని మా ఇల్లు ఎప్పుడూ ఆముదం వాసన వేస్తుంది. బయటివాళ్లు ముక్కు మూసుకుంటే తప్ప మాకు ఆ సంగతి తెలియదు.

మొదటి రెండు రోజులు నేను ఇంట్లోనే ఉన్నాను. బట్టలు తూకం వేసి వేశాను. నీళ్లు బకెట్లతో కొలిచాను. అమ్మ స్టూలు మీద కూర్చొని అద్దం మూతలోంచి చూస్తూ, "గిర్రున తిరుగుతాంది. దీన్ని సూస్తే నాకే కండ్లు తిరుగుతున్నయి" అంది. బయటికి తీసిన చీర దాదాపు ఆరిపోయి ఉంది. దాన్ని దండెం మీద వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "పని తప్పింది బిడ్డా" అంది. ఆ మాట కూడా నోటుబుక్కులో రాశాను.

మూడో రోజు పనిలోకి వెళ్లాను. పదకొండు గంటలకు ఫోన్ మోగింది. మిషన్ నడుస్తోంది. కాసేపటికి ఇంకో సందేశం, నురగ ఎక్కువైంది అని. ఆ తర్వాత వాషు సగంలో ఆగిపోయింది. అమ్మకు ఫోన్ చేశాను.

"ఏమేసినవమ్మా?"

"దుప్పట్లు బిడ్డా."

"పొడి ఎంత ఏసినవ్?"

"నువ్వు చెప్పినట్టే. రెండు చెంచాలు."

రేపటి నుంచి ఒక చెంచా వెయ్యమన్నాను. మర్నాడు ఒకే పూటలో రెండుసార్లు నురగ అని వచ్చింది, రెండుసార్లూ సగంలో ఆగింది. అర చెంచా వెయ్యమన్నాను. ఐదో రోజూ అంతే. మా ఉప్పునీళ్లలో సబ్బు అరగదీసినా నురగ రాదు. మరి ఈ మిషన్‌కు ఎక్కడి నుంచి వస్తోంది? సగంలో ఆగడానికి కరెంటు పోతోందేమోనని ఊరి లైన్‌మన్‌ను అడిగాను. "ఈ వారంల ఒక్క నిమిషం గుడ కట్ కాలేదన్నా" అన్నాడు.

"మన ఇంట్ల ఆరు దుప్పట్లే గదా? రోజు దుప్పట్లేనా?" అని ఒకసారి అడిగాను.

"పెద్దమ్మోళ్లయి గుడ ఏసిన. ఆమెకు గుడ చేతులు నొస్తయి గదా పాపం." పెద్దమ్మ మా పక్కింట్లోనే ఉంటుంది, వాళ్లదీ నేతిల్లే. అమ్మ ఆగకుండా ఇంకో మాట కలిపింది. "గా నీలం చారల దుప్పటికి పసుపు మరక పోతలేదు బిడ్డా. ఎన్నిసార్లు ఏసినా పోతలేదు."

ఆ సాయంత్రం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర రెండు దుకాణాలు తిరిగి మరకలు పోయే మందు కొన్నాను. అమ్మ ఆ సీసా రెండు చేతులతో తీసుకుంది. "ఎంత యాది పెట్టుకున్నవ్ బిడ్డా" అంది.

ఎనిమిదో రోజు మిషన్ కంపెనీకి ఫిర్యాదు రాశాను. నాలుగు అంశాలు. నురగను పసిగట్టే సెన్సార్ తప్పు. కంట్రోల్ బోర్డు తప్పు. కరెంటు ఉండగానే వాషు ఆగుతోంది. పొడి తగ్గించినా ఫలితం లేదు. తేదీలు, గంటలతో సహా పంపి, ఒక కాపీ సేటుకు ఇచ్చాను. పనిచేసే చోట కూడా చెప్పాను. అదే మిషన్ కొందామనుకున్న ఒక తోటి ఉద్యోగి నా మాట మీద మానుకున్నాడు.

పదో రోజు మెకానిక్ వచ్చాడు. నా వయసువాడే. నేను సెలవు పెట్టి నోటుబుక్కుతో పక్కనే నిలబడ్డాను. అమ్మ అంతకుముందే పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. లోపల బాపు మగ్గం చప్పుడు ఆగిపోయింది.

నా ఫిర్యాదు ఓపికగా విని, అతను కింద జాలీ మూత విప్పాడు. వేలు పెట్టి లాగితే పిల్లి తోకంత నల్లటి ముద్ద బయటికి వచ్చింది.

"అన్నా, ఇండ్ల ఏం ఉతుకుతున్నరు?"

"బట్టలే."

అతను ముద్దను విడదీసి వాసన చూశాడు. "బట్టల నుంచి గింత నూలు రాదన్నా. ఇది ఆముదం. మా అవ్వ నెత్తికి పెట్టేది గిదే." తొట్టి అంచు కింద వేలితో గీసి చూపించాడు, బూడిద. "మీరు చదువుకున్నోళ్లు. నూనెల బూడిద నీళ్లు కలిపి తిప్పితే ఏమైతది? సబ్బైతది. నురగ రాకపోతే పాలొస్తయా? మిషన్ మంచిగనే ఉన్నది. పాపం మొత్తుకుంటనే ఉన్నది."

అప్పటికి బాపు గడపలోకి వచ్చాడు. మెకానిక్ బాపు వైపు తిరిగాడు.

"ఇండ్ల నూలు ఏసిండ్రా కాకా?"

బాపు నన్ను చూశాడు. నన్ను చూస్తూనే, "మాకేం ఎర్క బిడ్డా. పోరడు తెచ్చిండు. పోరడే ఫోన్ల నుంచి తిప్పుతుండు" అన్నాడు.

మెకానిక్ ఇంకేమీ అడగలేదు. వాడకంలో తప్పు అని కాగితం మీద రాశాడు. వాపసు లేదు, వారంటీ లేదు. కింద ఇంటివాళ్ల సంతకం కావాలన్నాడు. నేను పెట్టాను. అతను బండి ఎక్కుతూ నా నోటుబుక్కు వైపు చూసి, "మస్తు రాసిండ్రన్నా" అన్నాడు. వెక్కిరించాడని అనుకోను. కానీ ఆ మాట వినలేకపోయాను.

అతను పోగానే అమ్మ వచ్చింది. ఎక్కడో గోడ అవతల నిలబడి చూస్తూ ఉండి ఉంటుంది. నేను ముద్దను చూపించాను.

"దుప్పట్లా ఇవి?"

అమ్మ తల దించుకోలేదు. "నూలే బిడ్డా. మూడో దినం నుంచి ఏస్తున్న. దిండు గలేబుల్ల కట్టి ఏసిన. నీళ్లు బయటికి పోకముందే బంద్ చేసి, నూనె నీళ్లు మల్ల కుండలకు ఎత్తుకున్న. పెద్దమ్మోళ్ల నూలు చిలపలు గుడ ఏసిన."

"వాడకట్టంతా ఎర్కనా?"

"ఎర్కనే."

రెండు రోజులుగా నేను బండి తీస్తుంటే పెద్దమ్మ కోడలు కొంగు అడ్డం పెట్టుకుని ఎందుకు నవ్విందో అప్పుడు అర్థమైంది.

"బాపు చెప్పిండా ఏయుమని?"

"మీ బాపు వద్దన్నడు. పోరడు తిడుతడన్నడు. నేనే ఏసిన." అరుగు మీద కూర్చుంది. "బట్టలెంతసేపు బిడ్డా? గంట పని. నూలు పిసుకుడు పొద్దున, మాపటికి. పదహారు దినాలు. ఎండకేసుడు, తెచ్చుడు, మల్ల పిసుకుడు. డాక్టరమ్మ బంద్ చెయ్యమన్నది దేన్ని అనుకున్నవ్?"

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కుండ ముందు పీట వేసుకుని, మోచేతుల దాకా నూనెతో, నూలును పిండిలా మర్దన చేసే అమ్మ. రుమాలు మాత్రం బాపు నేసింది. మా ఇంట్లో, మా వాడకట్టులో అందరూ అలాగే అంటారు. కాబట్టి నూలు పని నా లెక్కలో బాపు పని కింద ఉంది. అమ్మ పనుల కింద బట్టలు, అంట్లు, వంట రాసుకున్నాను. పదకొండు అంశాల్లో నూలు మాట ఎక్కడా లేదు. ఆ తప్పు నాది. ఒప్పుకుంటాను.

"నాకు చెప్తే అయిపోతుండె గదా" అన్నాను.

"చెప్తే వద్దంటవ్."

"ఎందుకంట?"

"నీ కాయితంల లేదు గదా బిడ్డా. లేనిదానికి నువ్వు ఒప్పుకోవు. మిషన్ కరాబైతదంటవ్, వాపస్ ఇస్తనంటవ్. పది దినాలు అయిపోయినంక చెప్దామనుకున్న."

నేను వద్దనేవాడినే. అది నిజం, అందుకే ఇంకా కోపం వచ్చింది. కొలత తప్పితే నేను బాధపడను, మళ్లీ కొలుస్తాను. కానీ ఆ పసుపు మరక సంగతి నన్ను వదల్లేదు. దుప్పట్లు అని ఒక్క మాట అని ఊరుకుంటే సరిపోయేది. నీలం చారలు, పసుపు మరక, ఎన్నిసార్లు వేసినా పోవడం లేదనే దిగులు గొంతు, ఇవన్నీ నేను నమ్మడం కోసమే కల్పించింది. నేను తెచ్చిన సీసా మూత కూడా తీయకుండా గూట్లో పెట్టింది.

"మరక గుడ అబద్ధమేనా?"

"నువ్వు గుచ్చి గుచ్చి అడిగితివి. ఏమో ఒకటి చెప్పాలె గదా" అంది.

మర్నాడు కంపెనీకి ఇంకో ఉత్తరం రాశాను. తప్పు మిషన్‌ది కాదని, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని. తోటి ఉద్యోగికి కూడా చెప్పాను. "మరి సగంల ఎందుకు ఆగింది?" అని అడిగాడు. మా అమ్మ ఆపింది అనలేక, వాడడం తెలియక అన్నాను. అతను అప్పటికే వేరే మిషన్ కొనేసుకున్నాడు.

బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తింటూ, "వారంటీ ఎట్లాగు పాయె. ఇంగ నూలు ఏసుకుంటే ఏమైతది?" అన్నాడు. మెకానిక్ ముందు తానన్న మాట గురించి ఏమీ అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. నేను ఆ ఆదివారం జాలీ శుభ్రం చేసి, నీళ్లు బయటికి వదిలే పైపును వేరే కుండలోకి తిప్పి, నూలుకు ఎంత నూనె నీళ్లు పోస్తే నురగ పొంగదో చూసి పెట్టాను. నూలు వేసిన తొట్టిలో బట్టలు వేయలేం, కాబట్టి అమ్మ బట్టలు మళ్లీ బండ మీదే ఉతుకుతోంది. పెద్దవి నేను ఉతుకుతానంటే వింటుంది, నేను పనికి వెళ్లాక తనే ఉతికేస్తుంది. ఉతకలేదంటుంది.

మూడు నెలలకు మళ్లీ దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ వేళ్లు అటూ ఇటూ వంచి చూసింది.

"ఎట్లుందమ్మా నొప్పి?"

"మంచిగున్నది మేడం. సగం తగ్గింది."

డాక్టరమ్మ రాయబోయి ఆగింది. నా వైపు తిరిగి, "మీరు చెప్పండి. నిజంగానే తగ్గిందా?" అని అడిగింది.

అమ్మ వైపు చూశాను. చేతులు కొంగు కింద పెట్టుకుని గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

"తగ్గిందనే అంటున్నది మేడం" అన్నాను.