అమ్మ అరికాళ్ల కింది ఊరు

మొన్న కల్లూరులో షేర్ ఆటో దిగి, ఒకే అచ్చులో పోసినట్టున్న కొత్త ఇళ్ల మధ్య మా వీధి తెలియక కాసేపు తిరిగాను. అది సాకుగా పట్టుకుని మా అబ్బాయి గేటుకు తాళం పెట్టాడు. ఆ తాళం వెనక కూర్చుని పేపరు తిరగేస్తే ఒక వ్యాసం కనబడింది: ఎలుకను పెట్టెలో వదిలి, తిరిగిన చోటల్లా దాని మెదడులో పటంలా ఎలా నిలుస్తుందో పెద్ద చదువుల వాళ్లు చూశారట, మనిషికీ అంతేనట. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి నేను. అయినా ఈ సంగతి మా అమ్మ ఎప్పుడో చూపించింది.

చాలా ఏళ్ల కిందట నందికొట్కూరు వైపు మా ఊరిని ప్రాజెక్టు నీళ్లు ముంచితే, మమ్మల్ని తెచ్చి మెట్ట మీద కాలనీలో పడేశారు. గీత గీసినట్టు వరసలు, అన్నీ ఒకే కొలత ఇళ్లు, ఒక మలుపు లేదు, ఎత్తుపల్లం లేదు. పాత ఊళ్లో చీకట్లోనూ తడుముకోని అమ్మ, ఇక్కడ నీళ్లకు పోయి బిందెతో పరాయి ఇళ్లలోకి నడిచేది. జనం నవ్వారు. మతి పోయిందని మా అన్న బయట గొళ్లెం పెట్టసాగాడు. తలుపు వెనక నుంచి అమ్మ నన్ను ఒక్కటే అడిగింది.

"ఇల్లు తెచ్చి ఈడ పెట్టినారు సరే, దారి యాడ పెట్టినారప్పా?"

ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి పాత ఊరి మొండిగోడలు తేలినప్పుడు, ఆమెను బండిలో తీసుకుపోయాను. నెర్రెలిచ్చిన బురద మీద, ఇది మీ పెద్దమ్మ ఇల్లు, ఇది నేతగాళ్ల మగ్గం గుంట అని చెప్పుకుంటూ, ఎక్కడా ఆగకుండా మా వాకిట్లోకి పోయి నిలబడింది. ఒక మూల అరిగి గుంతపడిన మెట్టుబండను పెకలించి బండికెత్తమంది. దాన్ని కాలనీలో గుమ్మం ముందు వేశాం. ఇక రోజూ ఆ బండ మీద నుంచి బయలుదేరి, బోరింగు దాకా పోయి వచ్చి కాలితో బండను తడిమి చూసుకునేది. తరువాత అంగడి దాకా, ఆపైన చర్చి దాకా. కొన్నాళ్లు చూసి, "రాయి చెప్తే వింటాది, నేను చెప్తే వినదు" అని గొణుగుతూ అన్న గొళ్లెం మానేశాడు.

ఆ బండ ఇంకా కాలనీలోనే ఉంది. కల్లూరులో ఈ ఇంటికి తెప్పించమంటే, టైల్స్ పక్కన బాగుండదని, మా అబ్బాయివాళ్లు దారి చెప్పే ఫోను కొనిచ్చారు. అది కుడి ఎడమలు చెబుతుంది కానీ గేటు తీయదు. మా అన్న మొరటువాడే, అయినా కళ్లారా చూసి గొళ్లెం తీశాడు. ఇప్పటివాళ్లు మెత్తగా మాట్లాడుతూనే తాళం వేస్తున్నారు. ఆ పేపర్లోని ఎలుకనైనా, పటం గీసుకునేందుకు కాసేపు తిరగనిచ్చారు.