పిన్ని ఉపవాసం, నా కొవ్వు సిద్ధాంతం

ఆ రోజుల్లో నాకు ఒంట్లో బలం కన్నా నోట్లో బలం ఎక్కువ. జువాలజీలో డిగ్రీ చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు, ఇంట్లో ఎవరు తుమ్మినా దాని వెనకున్న శాస్త్రం నేనే చెప్పాలి. అమ్మ అన్నం వడ్డిస్తుంటే ఆ అన్నం చక్కెరగా ఎలా మారుతుందో, ఆ చక్కెర కాలేయంలోనూ కండల్లోనూ ఎలా దాక్కుంటుందో వర్ణించేదాన్ని. "దాక్కుంటే దాక్కుందిలే, ముందు నువ్వు తిను" అనేది అమ్మ. (నా మొదటి విద్యార్థిని ఆవిడే. హాజరుకు లోటు లేదు, శ్రద్ధే లేదు.)

అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. ఇక మిగిలింది నడక పరీక్ష. ఆడపిల్లలు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాలి. ఇంట్లో గొడవ అక్కడే మొదలైంది. గవర్నర్‌పేటలో పేపర్ ప్లేట్ల హోల్‌సేల్ షాపు నడిపే నాన్నకి, కూతురు అడవిలో ఉద్యోగం చెయ్యడం ససేమిరా ఇష్టం లేదు. "షాపు దాకా రావడానికే ఆటో ఎక్కుతావు, అడవిలో నువ్వేం నడుస్తావే?" అన్నాడు. నేను అలిగి మాట్లాడటం మానేశాను. ఇల్లంతా ఒక్కసారిగా ప్రశాంతమైపోయేసరికి ఆయనకే భయం వేసినట్టుంది, రాజీకొచ్చాడు. "శనివారం మీ పిన్నితో కలిసి బందరు కాలవ గట్టు మీద ఆ పదహారూ నడువు. ఆవిడకన్నా వెనకబడకుండా వస్తే పరీక్షకి పంపిస్తా. వెనకబడ్డావో, ఇంక ఆ ఉద్యోగం మాట ఎత్తకూడదు. నేను చివర వంతెన దగ్గరుంటా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పిన్ని అంటే అమ్మ చెల్లెలు, భవానీపురంలో ఉంటుంది. నిండుగా, గుమ్మానికి సరిపడా ఉండే మనిషి. చీర కట్టుకుని, కాళ్లకి స్పోర్ట్స్ షూ వేసుకుని రోజూ పొద్దున్నే కాలనీ ఆడవాళ్లతో వాకింగ్‌కి వెళ్తుంది. అందులో నడక కన్నా కబుర్లే ఎక్కువని బాబాయి అనేవాడు. ఆవిడతోనా నాకు పోటీ!

పైగా నా దగ్గర సిద్ధాంతం ఉంది. కండల్లో అప్పటికప్పుడు వాడుకోవడానికి ఉండే శక్తి కొన్ని క్షణాలకే సరి. ఆ తర్వాత నిల్వ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. అదీ కొంతసేపే. కొవ్వు మాత్రం ఎంత వాడినా తరగని నిధి. కాబట్టి ఒంట్లో చక్కెరని ముందుగానే ఖాళీ చేసేస్తే శరీరం నేరుగా కొవ్వు మీద పడుతుంది, ఇక అలుపన్న మాటే ఉండదు. (పుస్తకంలో ఆ 'కాబట్టి' లేదు. అది నా సొంత పరిశోధన.) అందుకని శుక్రవారం మధ్యాహ్నం నుంచే తిండి మానేశాను. శనివారం ఉపవాసం ముందుగానే మొదలుపెట్టానని చెబితే, పిల్లకి ఇన్నాళ్లకి భక్తి కుదిరిందని అమ్మ కళ్లొత్తుకుంది.

తెల్లవారుతుండగా పిన్ని ఇంటికి వెళ్లేసరికి ఆవిడ పెసరట్టు తింటోంది. లోపల ఉప్మా. పక్కన ఇంకో పెసరట్టు, అరటిపళ్లు, గ్లాసుడు పాలు.

"అదేంటి పిన్నీ, శనివారం నీకు ఉపవాసం కదా?"

"ఉపవాసమేనే. అన్నం ముట్టుకున్నానా? ఇది పలహారం. దా, నువ్వూ రెండు తిను."

"నాది అసలు సిసలు ఉపవాసం. మంచినీళ్లే."

పిన్ని నన్ను జాలిగా చూసింది. వంటింట్లోకి వెళ్లి ఏదో పొట్లం కట్టి హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది.

ఆటో దిగి కాలవ గట్టు ఎక్కగానే నేను బాణంలా దూసుకుపోయాను. పిన్ని తీరుబడిగా బయల్దేరింది. ఎదురైన ప్రతివాళ్లనీ పలకరించడం, గేదెని తోలుకెళ్తున్నావిడని పాడి సంగతులు అడగడం వెనక నుంచి వినబడుతూనే ఉంది. యనమలకుదురు దాటాక తిరిగి చూస్తే ఆవిడ చీర దూరంగా చిన్న చుక్కలా కనబడింది. ఆహా, నా కొవ్వు దివ్యంగా మండుతోందని సంబరపడ్డాను. ఉద్యోగం వచ్చేసినట్టే, ఖాకీ బట్టలు ఎక్కడ కుట్టించుకోవాలా అన్న ఆలోచనలో కూడా పడ్డాను.

సగం దూరం దాటానో లేదో పిక్కలు భగ్గుమన్నాయి. ఆ వేగానికి ఊపిరి చాలక కండలు చక్కెరని సగం సగంగా కాలుస్తున్నాయన్నమాట. ఉన్న ఆ కాస్త చక్కెరా అలా తగలబడిపోయింది. ఇక కొవ్వు సంగతి. అది నిధే గానీ, పిలిచిన వెంటనే పరిగెత్తుకొచ్చే రకం కాదు. నిదానంగా నడిచేవాళ్లకి నిదానంగా అందుతుంది. నాలా పరిగెత్తేవాళ్ల అవసరానికి చాలదు. మెదడు ఇంకా మొండిది, దానికి చక్కెరే కావాలి. (ఇదంతా పుస్తకంలో తర్వాతి పేజీలో ఉంది.) చల్లటి చెమటలు పట్టాయి, కాళ్లు వణికాయి. కాలవలో కొట్టుకుపోయే గుర్రపుడెక్క కూడా నన్ను దాటి వెళ్లిపోతోంది. దారిపక్క బండి మీద వేగుతున్న పునుగుల వాసనకి ఏడుపొచ్చింది. తూము గట్టు మీద కూలబడ్డాను. అయిపోయింది, ఇక జన్మంతా పేపర్ ప్లేట్లు లెక్కపెట్టుకోవడమే అనుకున్నాను.

కాసేపటికి పిన్ని వచ్చింది. ఆయాసం లేదు, రొప్పు లేదు.

"ఏవే, కూర్చున్నావేం?"

"కొవ్వు... అందట్లేదు పిన్నీ."

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "నీ ఒంట్లో అదెక్కడుందే తల్లీ? కావాలంటే నన్నడగాలి గానీ!"

పొట్లం విప్పి నా నోట్లో సున్నుండ కుక్కింది. అది మింగకముందే ఇంకోటి. ఆ తర్వాత అరటిపండు. బెల్లం, నెయ్యి కలిసిన ఆ తీపి గొంతు దిగుతుంటే నా సిద్ధాంతం కూడా దాంతోపాటే దిగిపోయింది. కొంతసేపటికి లోకం మళ్లీ స్థిరంగా నిలబడింది. "లే. మీ నాన్నకి నేను చెప్పనులే. నాతోపాటు నడు, కబుర్లు చెప్పగలిగినంత నిదానంగా" అంది పిన్ని. మిగతా దారంతా అలాగే నడిచాం. వాళ్ల కాలనీలో ప్రతి ఇంటి సంగతీ నాకు ఆ రోజే తెలిసింది.

వంతెన కనబడగానే పిన్ని మోకాలు పట్టుకుంది. "అబ్బా, పట్టేసిందే! నువ్వు పద, నేనొస్తా." ఆవిడ నటన అంత బాగుండదు. అయినా నేను వెళ్లాను. వంతెన మొదట్లో నాన్న స్కూటర్ పక్కన, హెల్మెట్ కూడా తియ్యకుండా నిలబడి ఉన్నాడు. వెనకాలే పిన్ని కుంటుకుంటూ వచ్చి మొదలుపెట్టింది.

"అది నడకా బావగారూ! ఎక్కడా ఒక్క క్షణం ఆగితే ఒట్టు. దాన్ని అందుకోవడం నా వల్ల కాలేదు బాబూ!"

"అవునమ్మా, చూశాను" అన్నాడు నాన్న హెల్మెట్ తీస్తూ. "పొద్దుట్నుంచీ అవతలి గట్టు మీదే వచ్చాను. ఆగుతూ, సాగుతూ. బండిలో పెట్రోలు కూడా అయిపోవచ్చింది."

పిన్ని కుంటడం ఆపేసింది. నేను తల వంచుకున్నాను. ఇక ఆ ఉద్యోగం మాట ఎత్తకూడదని ఆయనే అంటాడని ఎదురుచూశాను.

"అది తూము మీద కూలబడినప్పుడు నాకూ కాళ్లాడలేదమ్మా. ఇటు వద్దామంటే దగ్గర్లో వంతెన లేదు" అన్నాడు నాన్న. "నేను వెనకబడకూడదన్నాను. కూర్చోకూడదని అన్లేదుగా. పరీక్షకి వెళ్లు. తిని వెళ్లు."

తినే వెళ్లాను. నిదానంగా నడిచాను, నెగ్గాను. ఇప్పుడు కొండపల్లి కొండల్లో తిరిగే పని నాది. ఎండన పడి నడిచేటప్పుడు ఆనాటి నాలోని ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. మనిషికి శక్తి ఎక్కణ్నుంచి వస్తుందో ఊరందరికీ పాఠం చెప్పిన పిల్ల, ఆ పొద్దుటంతా ఒక్కసారైనా తలెత్తి అవతలి గట్టు వైపు చూడలేదు.